టచింగ్ చేయని ముఖం: హిందూపురం ప్రాంత దళితుల పాత ఫొటోల గురించి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో మాదిగ గేరికి పోయినా, మాల గేరికి పోయినా, ఇంట్లో అడుగు పెట్టగానే ఎదురు గోడ మీద ఫొటోలు కనిపిస్తాయి. అంబేడ్కర్ ఫొటో ఒకటి. దాని పక్కన ఏసుప్రభువుదో, కదిరి నరసింహస్వామిదో, పెనుకొండ బాబయ్య దర్గాదో ఇంకొకటి. ఆ వరుసలో చివరన, కుంకుమ బొట్టూ ప్లాస్టిక్ పూలదండా ఉన్నది ఆ ఇంట్లో చనిపోయిన పెద్దవాళ్ల ఫొటో. ఈ చివరి ఫొటో గురించే ఈ వ్యాసం.

శాసనాలకూ కైఫీయత్తులకూ గెజిటీర్లకూ చరిత్రకారులు ఇచ్చే గౌరవం ఈ ఫొటోకు ఇవ్వరు. అది ఇంటి సొత్తు, ఏడుపుకు సంబంధించింది, ఆధారం కిందికి రాదు అంటారు. ఎవరి ముత్తాతల పేర్లు రాళ్ల మీదికీ రాగిరేకుల మీదికీ ఎక్కాయో వాళ్లకు ఏడుపునూ ఆధారాన్నీ వేరుచేసి చూసుకునే వెసులుబాటు ఉంది. మనకు లేదు. మూడు తరాలు వెనక్కి పోతే మన ఇళ్లల్లో కాగితమే దొరకదు. దొరికేదల్లా ఎవరో ఒక ముసలమ్మ చెప్పే పేరూ, బూజు పట్టిన ఒక ముఖమూ. అందుకే పాత ఫొటోను బాగుచేయించి ఇంటికి తెచ్చిన రోజు గేరిలో సగం మంది ఆ ఇంట్లోనే ఉంటారు. చూసి ఏడుస్తారు, నవ్వుతారు, "ఈయప్ప మెడ మీద మచ్చ యాడ పాయ?" అని కొట్లాడుతారు. ఆ కొట్లాటలో చరిత్ర ఉంది.

ఏ ఫొటోనైనా మేము మొదట అడిగేది, దీన్ని ఎవరు తీయించారు, ఎవరు డబ్బిచ్చారు, కింద ఎవరి పేరు రాశారు అని. మనిషి ముఖాన్ని పేరుతో సహా దాచిపెట్టడం మా ప్రాంతానికి కొత్తేమీ కాదు. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షి గుడి పైకప్పు చూడండి. అచ్యుతరాయల కాలంలో ఆ గుడి కట్టించిన విరూపన్న, వీరన్న తమ పరివారంతో దేవుడికి దండం పెడుతున్న బొమ్మలు రంగులతో సహా ఉన్నాయి. దాదాపు ఐదు వందల ఏళ్లయినా వాళ్లెవరో అందరికీ తెలుసు. ఆ రంగులు రాలిపోకుండా పురావస్తు శాఖ చూసుకుంటోంది, చూసుకోవాలి కూడా. బండలు మోసినవాళ్లూ, గానుగలో సున్నం తొక్కినవాళ్లూ ఆ పైకప్పు మీద లేరు.

మన ముఖం మొదటిసారి యంత్రంలో పడింది కరువులో. 1876–78 నాటి ధాత కరువు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, 1882లో గదా బళ్లారి నుంచి విడదీసింది. ఇప్పటి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అంతా అప్పుడు బళ్లారి జిల్లానే. ఆ కరువులో పోయినవాళ్లు మొత్తం మీద యాభై లక్షలకు పైనే అని అంచనా. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య బళ్లారి, కర్నూలు జిల్లాల్లో జనం పెరగలేదు సరికదా, తగ్గిపోయారు. కరువు పనులు పెట్టారు. మట్టి తవ్వాలి, రాళ్లు కొట్టాలి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి ఈ కూలి ఎక్కువైందని చెప్పి, మగ మనిషికి రోజుకు ఒక పౌను గింజలూ, పైన ఒక అణా అని తగ్గించాడు. పౌను అంటే అర కిలోకు తక్కువ. రోజంతా మట్టి తవ్వే మనిషికి.

అదే సమయంలో విలోబీ వాలెస్ హూపర్ అనే మద్రాసు సైన్యాధికారి కెమెరా పెట్టుకుని సహాయ శిబిరాల్లోకి పోయాడు. పక్కటెముకలు లెక్కపెట్టదగ్గ మనుషుల్ని వరుసగా కూర్చోబెట్టి, వెనక కొందరిని నిలబెట్టి, పెండ్లి గుంపును తీసినట్టు తీశాడు. ఆ రోజుల్లో ఫొటో తీయడమంటే చిటికెలో అయ్యే పని కాదు. అద్దం పలక మీద మందు పూసి, అది ఆరకముందే తీసి, అక్కడికక్కడే గుడారం చీకట్లో కడగాలి. కొన్ని క్షణాల పాటు మనిషి కదలకూడదు. నిలబడే ఓపిక లేనివాళ్లను కదలకుండా నిలబెట్టారు. పలక కడగడానికి నీళ్లు కావాలి. చుట్టూ బావులు ఎండిపోయిన కాలంలో ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి తెచ్చారో ఏ పుస్తకంలోనూ రాయలేదు.

ఆ ఫొటోలు ఈనాటికీ లండన్‌లో, ఇంకా అనేక మ్యూజియంలలో భద్రంగా ఉన్నాయి. కింద రాసిన మాటలు చదివితే కరువు, శిబిరం, సహాయానికి తగినవాళ్లు – ఇవే. ఒక్క మనిషి పేరూ లేదు, ఊరి పేరు కూడా చాలా వాటికి లేదు. ఇదే హూపర్ తర్వాత బర్మాకు పోయి, 1886లో మాండలేలో తుపాకులతో కాల్చి చంపే శిక్ష అమలు జరుగుతుంటే ఫొటో కోసం కాల్పుల ఆజ్ఞను ఆపించాడన్న ఆరోపణ మీద విచారణ ఎదుర్కొన్నాడు. ఆయన ఒక్కడి క్రూరత్వంగా దీన్ని చూస్తే పొరపాటు. కెమెరా వెనకున్నవాడికి ఎదురుగా ఉన్న మనిషి పేరు అవసరం లేకుండా పోయిన ఏర్పాటు ఇది. కరువులో ముందు పోయేది సెంటు భూమి లేనివాడు. అట్లాంటివాళ్లలో మాల మాదిగలు ఎంతమందో మా పాఠకులకు చెప్పే పనిలేదు. ఆ ఫొటోలు చూసినప్పుడు కడుపులో దేవినట్టయ్యేది ఇందుకే. వాళ్లు మనవాళ్లు అయ్యుండొచ్చు. పేరు పెట్టి పిలిచే వీలు మటుకు లేదు.

ఆ తర్వాత కొలతలు వచ్చాయి. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారి సాయంతో, 1909లో దక్షిణ భారత కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. నాలుగో సంపుటంలో మాదిగలూ ఉన్నారు, మాలలూ ఉన్నారు. ముక్కు వెడల్పు, తల పొడవు, ఎత్తు – అన్నీ ఉన్నాయి. ఫొటోలో ఉన్నది ఒక మాదిగ, ఒక మాల, అంతే. ఫలానా ఊరి ఫలానా మనిషి అని ఉండదు. మొదటి సంపుటం ముందుమాటలో థర్‌స్టనే ఒక సంగతి రాసుకున్నాడు: వైనాడులో పణియ ఆడవాళ్లు ఆయన్ను చూసి పారిపోయారట, తమలో బాగున్నవాళ్లను పట్టుకుపోయి లోపల గడ్డి కుక్కి మ్యూజియంలో నిలబెడతాడని భయపడి. ఆయనకది నవ్వులాట. ఆ ఆడవాళ్లకు ఆయన పని అసలు సంగతి బాగానే అర్థమైందని మా అభిప్రాయం.

ఇదొక్క మన దేశపు కథ కాదు. 1850లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో హార్వర్డ్ ఆచార్యుడు అగాసీ కోసం జీలీ అనే ఫొటోగ్రాఫర్ ఏడుగురు నల్ల బానిసల బట్టలు విప్పించి ఫొటోలు తీశాడు. నల్లవాళ్లు తక్కువ జాతి అని రుజువు చేయడం అగాసీ ఉద్దేశం. ఆ పలకలు 1976లో హార్వర్డ్ మ్యూజియం అటకమీద బయటపడ్డాయి. వాటిలో ఉన్న రెంటీ అనే ముసలాయన మా ముత్తాతల వరస అని టమారా లేనియర్ అనే ఆమె 2019లో హార్వర్డ్ మీద కేసు వేసింది. ఆమె దగ్గరున్నది తల్లి నోటినుంచి విన్న 'తాత రెంటీ' కథలు. విశ్వవిద్యాలయం చేతిలో వెండి పలక, ఆమె చేతిలో పేరు. 2025లో రాజీ కుదిరింది. పలకలను చార్లెస్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి ఇవ్వడానికి హార్వర్డ్ ఒప్పుకుంది. ఇంట్లో నోటిమాటగా నిలిచిన పేరుకు ఎంత బలముందో చెప్పడానికే ఈ సంగతి ఇక్కడ ఎత్తాం.

రాయలసీమలో లండన్ మిషన్ వాళ్ల ఫొటోల కథ వేరే రాయదగ్గది. కడప, జమ్మలమడుగు, గుత్తి, అనంతపురం కేంద్రాల్లో బడి పిల్లల్నీ, ఆసుపత్రి రోగుల్నీ తీసి పంపేవాళ్లు. ఆ మిషన్ కాగితాలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఇంగ్లండులో చందాలు పోగుచేయడానికి తీసినవే అయినా, ఆ బడి వరుసల్లో కూర్చున్న మాల పిల్లల చేతుల్లో పలకా బలపం ఉన్నాయి. థర్‌స్టన్ ఫొటోల్లో అవి ఉండవు.

మన వాళ్లు తమ డబ్బుతో తామే ఫొటో దిగడం మొదలుపెట్టాక కథ మారింది. 1917లో బెజవాడ సభకు అధ్యక్షుడై 'పంచములం కాదు, ఆది ఆంధ్రులం' అని చెప్పిన భాగ్యరెడ్డి వర్మ ఫొటో చూడండి. కోటూ తలపాగాతో, ఎదుటివాడి కళ్లల్లోకి చూస్తాడు. అంబేడ్కర్ కోటూ టై గురించి అగ్రవర్ణ మేధావులు ఈనాటికీ వెటకారం చేస్తారు. గాంధీ బట్టలు విప్పితే త్యాగమైంది, అంబేడ్కర్ తొడుక్కుంటే ఫ్యాషన్ అయింది! అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకు వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ కూడా ఇదే పని చేశాడు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ దేశంలో ఆయనంతగా ఫొటోలు దిగినవాడు లేడు. కోటు వేసుకుని, నవ్వకుండా దిగేవాడు. నవ్వుతూ ఉండే బానిస అని తెల్లవాళ్లు గీసుకున్న బొమ్మను చెరిపేయడానికి.

మా పల్లెల్లో ఇంత ఆలోచించి చేశారని మేము అనం. అయినా చేసింది అదే. కర్నూలు జిల్లా పెద్దపాడులో పుట్టి, అనంతపురం కాలేజీలో చదివి, 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య ఫొటోలు పత్రికల్లో పడ్డ కాలం అది. హాస్టల్లో చదివే కుర్రవాళ్లు, రైల్వేలో గ్యాంగు పని దొరికినవాళ్లు, బెంగళూరు కూలికి పోయి వచ్చినవాళ్లు హిందూపురం బజారులో స్టూడియోకు పోయి నిలబడ్డారు. కోటు స్టూడియోదే, అద్దెకు. వాచీ స్నేహితుడిది. వెనక తెర మీద మేడలూ, సరస్సులూ. ముఖ్యమైంది కుర్చీ. రెడ్డి ఇంటి ముందు చెప్పులు చేతబట్టుకుని, తుండుగుడ్డ నడుముకు కట్టి నిలబడాల్సిన మనిషి స్టూడియోలో కాలు మీద కాలేసి కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఫొటోను కొందరు ఊరికి తెచ్చి గోడకు తగిలించకుండా ట్రంకుపెట్టెలో అడుగున దాచిపెట్టుకున్నారు. ఎందుకు దాచారో విడమర్చి చెప్పాలా?

ఆడవాళ్లకు ఆ కుర్చీ కూడా దక్కలేదు. మా జేజమ్మల తరంలో చాలామందికి మొదటి ఫొటోనే చివరి ఫొటో. చనిపోయాక శవాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, చుట్టూ పిల్లలు నిలబడి తీయించినది. అది కూడా పట్నం నుంచి ఫొటోగ్రాఫర్ వచ్చేంత డబ్బు ఉంటే. 1969లో అనంతపురం వచ్చిన ఫెర్రర్ పెట్టిన ఆర్‌డీటీ ద్వారా స్పెయిన్‌లోని దాతలకు మన పిల్లల ఫొటోలు వెళ్లాయి. అట్లా కొన్ని ఇళ్లల్లో తల్లి ఫొటో లేకపోయినా బిడ్డ ఫొటో ఉంది. తర్వాత 1993లో శేషన్ ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు ఓటరు గుర్తింపు కార్డు తప్పనిసరి అన్నాడు. బడి ఆవరణలో బెంచీ వేసి, వెనక గుడ్డ కట్టి, వరుసగా కూర్చోబెట్టి తీశారు. అవ్వలు ముసుగు తీసి, భయంగా కళ్లు పెద్దవి చేసి చూశారు. ఎండ చేను నుంచి అట్లే వచ్చినవాళ్లు. బొటనవేలంత ఫొటో. రాజ్యం అవసరానికి తీసిందే, అయినా కింద పేరు ఉంది, తండ్రిదో మొగుడిదో పేరు ఉంది, వయసు తప్పో ఒప్పో ఉంది. హూపర్ పలకలకూ ఈ కార్డుకూ తేడా అదీ.

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదట ప్రారంభించింది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. జాబ్ కార్డు మీద ఇంటిల్లిపాది ఫొటో. చాలా దళిత కుటుంబాలకు అందరూ కలిసి ఉన్న ఫొటో అదొక్కటే. 1877లో మట్టి తవ్విన చోటే 2006లోనూ మట్టి తవ్వారు. ఈసారి పని హక్కు అయింది, ఫొటో కింద పేరు పడింది. చట్టం కోసం కొట్లాడినవాళ్ల కష్టం అందులో ఉంది. మళ్లీ 2021లో ఫోను యాప్ వచ్చింది, 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు: పనిచోట పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కూలీల ఫొటో తీసి ఎక్కిస్తేనే హాజరు. సిగ్నల్ లేకపోతే కూలి పోయినట్టే. ఫొటో మళ్లీ పైవాడి చేతిలోకి పోయింది.

ఇక బాగుచేయించడం సంగతి. ఇంట్లో పెద్దామె పోతుంది. పెద్ద ఫొటో కావాలి. ఉన్నది ఓటరు కార్డు. కొడుకు దాన్ని పట్టుకుని స్టూడియోకు పోతాడు. అక్కడ ఆ బొటనవేలంత ముఖాన్ని పెద్దదిచేసి, గీతలు తుడిచి, వెనక నీలం రంగు వేసి, ఎవరిదో పట్టుచీర కట్టిన భుజాల మీద అతికిస్తారు. స్టూడియో వాళ్ల భాషలో ఇది టచింగ్. పూర్వం నెగెటివ్ మీద పెన్సిల్‌తో చేసేవాళ్లు, తర్వాత కంప్యూటర్ వచ్చింది, ఇప్పుడు ఫోనులోనే నిమిషంలో అయిపోతుంది. ఈ అన్నిటిలో మారనిది ఒకటి: టచింగ్ చేసిన ప్రతిసారీ ముఖం తెల్లబడుతుంది.

హిందూపురం దగ్గరి పల్లెలో అట్లాంటి ఫొటో చూసి ఒక ముసలామె మాతో అన్న మాట ఇది: "ఇది మాయమ్మ కాదబ్బా. మాయమ్మ నల్లగుండె. ఈయమ్మ యెవురో రెడ్డోళ్లమ్మ మాదిరుండాది." ఇంట్లో అందరూ నవ్వారు. కాసేపటికి ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది. తల్లి చనిపోయి ఇరవై ఏళ్లయినా, ఆ ముఖం చూద్దామని పొద్దుటి నుంచి ఎదురుచూసి కూర్చున్న మనిషి.

స్టూడియో అతన్ని తప్పుపట్టి లాభం లేదు. అతను నేర్చుకున్నదే అది. కొడాక్ కంపెనీ రంగు ఫిల్ములకు ఏళ్ల తరబడి కొలత ఒక తెల్లావిడ ముఖం. షర్లీ కార్డు అనేవాళ్లు. ఆ ముఖం బాగా వస్తే ఫిల్ము బాగున్నట్టు. నల్ల ముఖాలు అందులో బొగ్గు ముద్దల్లా పడేవి. చాక్లెట్ల కంపెనీలూ, చెక్క సామాను కంపెనీలూ తమ సరుకు రంగు సరిగా రావడం లేదని మొత్తుకున్నాక గానీ ఫిల్ము మారలేదంటారు. మనిషి చర్మం కోసం మార్చలేదు, చాక్లెట్ కోసం మార్చారు. మన దేశంలో దీనికి కులం తోడైంది. నలుపు అంటే కూలి, ఎండ, మాదిగ. తెలుపు అంటే నీడపట్టున కూర్చునే కులం. టచింగ్ చేసే వేలికి ఈ లెక్క ఎవరూ చెప్పకుండానే వచ్చేస్తుంది.

అయితే ఇంకో వైపు కూడా ఉంది. ఒక కూతురు వచ్చి, "మాయమ్మ మెడలో బంగారు సరుడు ఏపియ్యన్నా, బతికినన్నాళ్లు పసుపు కొమ్మే కట్టుకుండె" అని అడిగితే ఏం చెప్పాలి? అది అబద్ధం, చరిత్రకు ద్రోహం అని ఉపన్యాసం ఇవ్వాలా? మాలో కొందరు ఇవ్వాలనే అన్నారు. మేము చాలాసేపు వాదించుకున్నాం. స్టూడియోలో అద్దె కోటు వేసుకున్న తాత చేసిందీ, ఈ కూతురు అడుగుతున్నదీ ఒకటే. లేనిదాన్ని ఫొటోలోనైనా తీసుకోవడం. సరుడు వేయించుకోనీ. చర్మం రంగు మటుకు ముట్టవద్దని స్టూడియోలో దగ్గరుండి చెప్పాలి. ఆ రంగు మన జేజమ్మది, ఎవరూ ఇచ్చింది కాదు, ఎవరూ తీసుకుపోగలిగేదీ కాదు. గోడకు సరుడున్న ఫొటో పెట్టుకుని, అసలు కార్డును ఉన్నది ఉన్నట్టే కాపీ తీసి వేరుగా దాచాలి. మడతా, చెదలు తిన్న మూలా, స్టాంపు మచ్చా సహా. ఆ స్టాంపు మచ్చ చెరిపితే ఆ ఫొటో ఎందుకు తీశారో చెప్పే సాక్ష్యం పోతుంది.

ఈ పని చేయదలుచుకున్న విద్యార్థులకు, టీచర్లకు కొన్ని మాటలు. అద్దానికి అతుక్కుపోయిన పాత ఫొటోను లాగకండి, మీది పొర ఊడి ముఖం అద్దానికే ఉండిపోతుంది. అద్దం మీదనుంచే ఫొటో తీయండి. తడిగుడ్డతో తుడవకండి. కుంకుమ, నూనె మరకలు పోగొట్టాలని చూడకండి. వెనక బాల్‌పెన్నుతో రాస్తే ముందుకు పొడుచుకొస్తుంది, మెత్తటి పెన్సిల్ వాడండి. పేరు ఇంట్లో పిలిచినట్టే రాయండి. కార్డులో ఒక పేరు ఉంటుంది, గేరిలో ఒకటి పిలుస్తారు, రెండూ కావాలి. చెప్పినవాళ్లు ఎవరు, వాళ్లకు ఏమవుతారు, ఏ సంవత్సరం చెప్పారు అనేది కూడా రాయండి. ఒక్కరినే అడగకండి, పదిమందిని కూర్చోబెట్టి చూపించండి. "ఇది ఫలానా కరువేడు", "అప్పుటికి బోరింగు ఎయ్యల్యా" అని వాళ్లే ఒకరినొకరు సరిచేసుకుంటారు.

చివరిగా ఒక విన్నపం ఉంది, ఇది ఊర్లో ఇళ్లున్నవాళ్లకు. హిందూపురం బెల్లం మండీ వర్తకుల ఇళ్లల్లోనూ, చుట్టుపక్కల భూస్వాముల ఇళ్లల్లోనూ 1950లు, 60ల నాటి పెండ్లి ఆల్బములు ఉంటాయి. వాటిని తీసి చూడండి. ఊరేగింపు ఫొటోలో పెండ్లికొడుకు కారు మధ్యలో ఉంటుంది. ఒక అంచున, సగం చెయ్యి తెగి, పలక కొడుతూ ఒక మనిషి కనిపిస్తాడు. ఇంకో అంచున పెట్రోమాక్స్ దీపం నెత్తిన పెట్టుకున్న మనిషి. ఆ కాలపు మాదిగల ఫొటోలు మా ఇళ్లల్లో కంటే మీ ఇళ్లల్లోనే ఎక్కువ ఉన్నాయి. ఇప్పుడు మీ పిల్లలు ఆ ఆల్బములను కంప్యూటర్‌లో ఎక్కించి బాగుచేయిస్తున్నారు. బాగుచేసేటప్పుడు మొదట కత్తిరించేది అంచునే. కత్తిరించే ముందు ఆ ఫొటోకు ఒక కాపీ తీసి గేరికి తీసుకురండి. పలక కొట్టినాయన చెయ్యి చూసి ఆయనెవరో చెప్పగలిగినవాళ్లు ఎనభై దాటినవాళ్లే, ఊరికి ఇద్దరో ముగ్గురో ఉన్నారు.